బానెట్ కింద పసుపు

"సార్ రాలేదా మేడం?"

షోరూమ్ గాజు తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టిన సీతారావమ్మకు ఎదురైన మొదటి మాట అది. అడిగినవాడు సర్వీసు విభాగంలో పనిచేసే సాయికిరణ్. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, వచ్చిన ప్రతి మనిషికీ ఒకే కొలతలో పంచే నవ్వు. సీతారావమ్మ వెనక్కి తిరిగి, తాను ఇప్పుడే వేపచెట్టు నీడ చూసి నిలిపి వచ్చిన ఎర్ర కారు వైపు చూసింది. అందులోంచి దిగింది తనొక్కతే. పెనుబల్లి నుంచి ఖమ్మం దాకా, తల్లాడ దగ్గర వడ్ల లారీల వరసను దాటుకుంటూ నడిపిందీ తనే. ఇంక ఈ సారు ఎక్కడినుంచి ఊడిపడాలో ఆమెకు అర్థం కాలేదు.

"ఏ సారు బాబూ?"

"జయప్రకాశ్ సార్. మీ బండికి మా దగ్గర సార్ నంబరే ఉన్నది."

జయప్రకాశ్ ఆమె కొడుకు. ఖమ్మంలో ఎరువుల దుకాణం నడుపుతాడు. కారు కొన్న రోజున పక్కన నిలబడి ఉన్నాడు కాబట్టి అతని ఫోన్ నంబరు ఎక్కించుకున్నారు, అంతే. డబ్బు ఆమెది, బండి ఆమె పేరు మీద ఉంది, స్టీరింగు ముందు కూర్చునేది ఆమె. సర్వీసు చేయించే వేళయిందన్న కబురు మాత్రం కొడుక్కి వచ్చి, కొడుకు దగ్గర్నుంచి ఆమెకు చేరేది. తన ఒంట్లో నలతగా ఉందని పక్కింటివాళ్లు చెబితే తెలుసుకున్నట్టు ఉండేది ఆమెకు.

"బండి నాది. ఏం అడగాలన్నా నన్నే అడుగు. వారంటీ పొడిగించడానికి వచ్చాను," అంది సీతారావమ్మ.

కారు కొన్నప్పుడు ఇచ్చిన వారంటీ ఈ దసరా దాటిన వారానికి ముగుస్తుంది. ఆ లోపే తనిఖీ చేయించి, బండి బాగుందనిపించుకుంటే మరో రెండేళ్లు పొడిగిస్తారు. గడువు దాటాక ఎంత మొత్తుకున్నా ఇవ్వరు. ఆమె హడావుడికి కారణం అది ఒక్కటే అయితే బాగానే ఉండేది.

పోయిన ఆదివారం జయప్రకాశ్ పెనుబల్లి వచ్చి, తల్లి వడ్డించిన గోంగూర పచ్చడి కలుపుకుంటూ మెల్లగా మొదలుపెట్టాడు. వారంటీ లేని బండిని నమ్ముకుని చర్ల అడవుల్లోకి పోవడం ఏమిటన్నాడు. అక్కడ ఆగిపోతే ఫోనుకు సిగ్నల్ కూడా ఉండదన్నాడు. ఈ కారు మార్చేసి కొత్తది తీసుకుని ఖమ్మంలో తన దగ్గరే పెట్టుకుంటానని, ఆమె ఎక్కడికి పోవాలన్నా డ్రైవర్‌తో పంపిస్తానని చెప్పాడు. వాడి మాటల్లో ప్రేమ లేదని ఆమె అనదు. ప్రేమ ఉంది కాబట్టే కాదనడం కష్టమైంది. మాట మీద మాట పెరిగి, చివరికి ఆమె పౌరుషానికి పోయింది.

"కంపెనీవాళ్లే చూసి, బండి బాగుందని వారంటీ రాసిస్తే ఉంచుకుంటా. ఇయ్యకపోతే తాళం నీ చేతిలో పెడతా. సరేనా?" అనేసింది.

తన బండి మీద ఆమెకు అంత ధీమా. సీతారావమ్మ ఒక మాట అన్నదంటే పెనుబల్లిలో దాన్ని మళ్లీ అడిగేవాళ్లుండరు. ఆ పేరు నిలబెట్టుకోవడం కోసం ఆమె చాలా నష్టాలు నవ్వుతూ భరించింది కూడా.

పెరట్లో పాత ధాన్యపు కొట్టును షెడ్డుగా మార్చి ఆమె విస్తళ్లు కుట్టిస్తోంది. పామాయిల్ తోటల్లో పని లేని రోజుల్లో ఊరి ఆడవాళ్లు అక్కడికే వస్తారు. విస్తళ్లు కుట్టే అడ్డ ఆకు చర్ల సంత నుంచి రావాలి. ఆకు ఆటో ట్రాలీలో వచ్చినా, దాన్ని ముట్టుకుని చూసి ఎంచేది ఆమే. ముందున్నది కార్తీకమాసం, వనభోజనాలకు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. ఎవరికో తీరికైనప్పుడు వచ్చే డ్రైవర్‌ను నమ్ముకుంటే సంత అయిపోయాక చేరుకుంటుంది. సంత అయిపోయాక మిగిలేది చిల్లులాకు. కారు పోతే షెడ్డు మూసుకోవాలి. జయప్రకాశ్‌కు ఈ సంగతి తెలియదని కాదు. అమ్మ ఇంకా ఈ ఆకుల పని చేయాలా అన్నది వాడి మనసులో ఉన్న అసలు మాట.

సాయికిరణ్ కారును లోపలి వర్క్‌షాపులోకి నడిపించుకుపోయాడు. సీతారావమ్మ గాజు గోడ ఇవతల సోఫాలో కూర్చుంది. కారు చుట్టూ అతను తిరగడం, టైరు మీద వేలు పెట్టడం, బానెట్ ఎత్తడం అన్నీ కనిపిస్తున్నాయి. పెళ్లిచూపుల్లో పిల్లను లోపలికి పంపి వసారాలో కూర్చున్న తల్లిలా ఉంది ఆమె పరిస్థితి. తన పిల్లకు వంక పెట్టడానికేమీ లేదని తెలుసు. అయినా చేతులు ఊరుకోక చీర కొంగు అంచును మడతలు పెడుతూ కూర్చున్నాయి.

బానెట్ కింద ఎక్కువసేపు పట్టలేదు. సాయికిరణ్ వంగి చూశాడు, ఫోనుతో ఒక ఫొటో తీశాడు, మూసేశాడు. పక్కకు పోయి ఎవరితోనో ఫోనులో మాట్లాడి, అప్పుడు ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఇంజిన్ మీద నీళ్లు పోసిండ్రా?"

"పోశాను." ఆమె ముఖం వెలిగింది. ఎవరో ఒకరు గమనించారు కదా అనుకుంది. "ఏటా దసరాకు నా చేతుల్తోనే కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెడతా. వేరేవాళ్లను ముట్టుకోనివ్వను."

సాయికిరణ్ ట్యాబ్ మీద ఏదో నొక్కాడు. ఆ నొక్కడంలోనే ఏదో తేడా ఉందని ఆమెకు తోచింది. ఇప్పటి బండ్లలో ఇంజిన్ చుట్టూ అంతా వైర్లేనని, నీళ్లు పోస్తే వాటిలోకి దిగుతాయని, అలా నీళ్లు దిగిన బండికి వారంటీ పొడిగించరని అతను వివరించాడు. గొంతు మర్యాదగానే ఉంది. రుజువు కోసమన్నట్టు ఫోనులో ఫొటో చూపించాడు. బానెట్ లోపలి రేకు మీద మూడు వేళ్లతో దిద్దిన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, మూలన ఇరుక్కున్న ఎండు బంతి రెక్క. నిరుడు ఆమె పెట్టినవే. అంత శ్రద్ధగా పెట్టిన బొట్టు ఆ ఫొటోలో దొంగసొత్తులా కనిపించింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఈ మూడేళ్లలో అది ఒక్కరోజు కూడా ఆగలేదు బాబూ," అంది చివరికి.

"నిజమే మేడం. కానీ రూల్ గట్లున్నది. సార్‌కు చెప్పిన. ఎక్స్‌ఛేంజ్‌ల మంచి ఆఫర్ నడుస్తున్నది, దసరా దాకనే."

ముందు సార్‌కు చెప్పాడన్న మాట. కారు దగ్గరికి వచ్చేసరికే జయప్రకాశ్ ఫోన్ వచ్చింది. బాధపడొద్దన్నాడు, పండగకు కొత్త బండి వస్తుందన్నాడు, రంగు ఆమెనే ఎంచుకోమన్నాడు. ఆమె అన్న మాటను మాత్రం వాడు గుర్తుచేయలేదు. గుర్తుచేసి ఉంటే పోట్లాడటానికైనా వీలుండేది.

"దసరా ముందు రోజు పొద్దున్నే తెస్తా. మధ్యలో ఒక సంత ఉంది, అది చూసుకుని తెస్తా," అని ఫోన్ పెట్టేసింది.

తెల్లారకముందే బయల్దేరితే తప్ప చర్ల సంతకు వేళకు చేరలేరు. కొత్తగూడెం దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి సూర్యుడు నీళ్ల మీదికి వచ్చాడు. భద్రాచలం వదిలాక దారి సన్నబడి రెండు పక్కలా అడవి దగ్గరికొస్తుంది. వానాకాలం తిన్నంత తిని వదిలిన రోడ్డు అది. ఏ గుంతను కుడివైపు నుంచి దాటాలో, ఏ కల్వర్టు దగ్గర సెకండ్ గేరులోకి రావాలో సీతారావమ్మ చేతులకూ కాళ్లకూ తెలుసు. ఆ రోజు ప్రతి గుంత దగ్గరా ఇదే ఆఖరుసారి అనుకుంటూ నడిపింది. అనుకున్నందుకు తనను తాను తిట్టుకుంది కూడా.

పోలీసు క్యాంపు దగ్గర గేటు వేసి ఉంది. కాపలా జవాను ఎర్ర కారును దూరం నుంచే గుర్తుపట్టి, ఆమె బ్రేకు తొక్కే లోపలే కర్ర పైకెత్తాడు. ముందున్న జీపును ఆపి డిక్కీ తెరిపించినవాడు ఆమెకు మాత్రం చెయ్యి ఊపాడు. మొదట్లో ఆమెనూ దింపి, ఒంటరిగా ఎక్కడికని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. ఈ చెయ్యి ఊపడం ఆమె సంపాదించుకున్నది. ఆమె కూడా చెయ్యి ఊపి ముందుకు పోయింది.

సంతలో రామక్క ఎప్పటి చోటే, కంది బస్తాల పక్కన, ఆకు కట్టలు పేర్చుకుని కూర్చుంది. చర్ల అవతలి గూడెం మనిషి. తమలో తాము మాట్లాడుకునే భాష కోయ. సీతారావమ్మతో తెలుగులో, ఎవరినైనా నువ్వు అనే తెలుగులో మాట్లాడుతుంది. వాళ్లిద్దరి మధ్యా బేరం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు నడిచేది ఆకు చూడటమే.

సీతారావమ్మ చెప్పులు విడిచి పట్టా మీద కూర్చుని ఒక కట్ట విప్పింది. ఆకును వెలుతురుకు ఎత్తి చూసింది. దాని రెండు రెక్కలు కలిసే చోట బొటనవేలు పెట్టి మెల్లగా వంచింది. విరగకుండా వంగి, వదలగానే తిరిగి లేచిన ఆకును కుడివైపు, అంచు చీలినదాన్ని ఎడమవైపు వేసింది. చిల్లులున్నవి కనపడితే రామక్కే ముందు తీసి అవతల పారేస్తోంది. ఒకరి చేతులు ఒకరికి అడ్డు రాకుండా కట్టలు తరుగుతున్నాయి. ఎప్పుడూ మాటలు ఆకులకంటే వేగంగా దొర్లేవి. ఆ రోజు సీతారావమ్మ నోరు విప్పలేదు.

"ఏమైంది అక్కా? పొద్దు గుంకినట్టున్నవు," అంది రామక్క.

సీతారావమ్మ చెప్పింది. వారంటీ అంటే ఏమిటో, అది ఎందుకు కావాలో, ఎందుకు ఇవ్వనన్నారో అంతా చెప్పింది. ఇంక తాను ఈ సంతకు రాకపోవచ్చని కూడా అనేసింది. రామక్క చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. తర్వాత లేచి, ఏదీ చూపించమంది.

బానెట్ ఎత్తారు. వేడి ఇంకా పోలేదు. రామక్క ఆ పసుపు చారల్ని కాసేపు చూసి, తన తుండుగుడ్డ కొన చెంబులో తడిపింది.

"గింతే కద? తుడిచేస్త. ఏం లేదని చెప్పు. వాడేమన్న వాసన చూస్తడా?"

తడిగుడ్డ పసుపు మీదికి వచ్చింది. సీతారావమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాక, ఎందుకు పట్టుకుందో తనకే వెంటనే తెలియలేదు. తుడిస్తే పోయేది నిజమే. ఇంకో ఊళ్లో ఇంకో షోరూమ్‌కు పోయి, కడగలేదని చెప్పి వారంటీ తెచ్చుకోవచ్చు. కానీ ఆ చారలు తాను సిగ్గుపడాల్సినవి కావు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ట్రాక్టరు నుంచి మందు కొట్టే పంపు దాకా ప్రతిదాన్నీ దసరాకు కడిగి బొట్టు పెట్టారు. భర్త వెంకటరామారావు ఉన్నన్నాళ్లు ఆయన కడిగాడు, ఆయన పోయాక తను కడిగింది. మనకు అన్నం పెట్టేదాన్ని ఏడాదికోసారి దగ్గరగా ముట్టుకుని చూడటం తప్పెలా అయిందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా దాన్ని దాచుకుని బతకడం ఆమె వల్ల కాదు.

"వద్దు రామక్కా. ఉన్నది ఉన్నట్టే ఇస్తాను," అంది.

రామక్క గుడ్డ వెనక్కి తీసుకుంది. ఏమనుకుందో, నడుముకు దోపుకున్న బంతిపూలలో ఒకటి తీసి ఆ బొట్టు పక్కన ఇరికించింది. "పోయేదైతే పూలు పెట్టుకునే పోనీ," అంది. ఆకు కట్టలు ట్రాలీకి ఎక్కించాక ఇద్దరూ కలిసి టీ తాగారు. మళ్లీ సంతకు ఎప్పుడొస్తావని రామక్క అడగలేదు.

దసరా ముందు రోజు సీతారావమ్మ కాస్త పెందలాడే ఖమ్మం చేరింది. దారి పొడవునా బంతిపూల రాశులు, బూడిద గుమ్మడికాయలు, నిమ్మకాయల బుట్టలు. జయప్రకాశ్ దుకాణం తెరిచి పూజ సామాను దింపించి వస్తానన్నాడు. షోరూమ్ ముందు గాజు గది ఇంకా మూసే ఉంది. వెనక వర్క్‌షాపు వైపు నుంచి నీళ్ల చప్పుడు, నవ్వులు వినిపిస్తుంటే కారును అటు తిప్పింది.

గేటు లోపలికి రాగానే ఆమె కాలు తనంతట అదే బ్రేకు మీదికి వెళ్లింది.

వర్క్‌షాపు షట్టర్లన్నీ ఎత్తి ఉన్నాయి. మరునాడు సెలవు కాబట్టి ఆయుధపూజ ఆ రోజే పెట్టుకున్నారు. రెంచీలు, జాకీలు, స్క్రూడ్రైవర్లు ఒక బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి వరసగా పెట్టారు. ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చే పాత జీపు, కొనబోయేవాళ్లకు నడిపి చూడటానికి ఇచ్చే కొత్త కార్లు బారుగా నిలబడి ఉన్నాయి. అన్నిటి బానెట్లూ ఎత్తి ఉన్నాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన ఒక మనిషి ప్రెషర్ గొట్టం పట్టుకుని, ఒక కొత్త కారు ఇంజిన్ మీద నీళ్లు పిచికారీ కొడుతున్నాడు. తెల్లగా పొగలా లేస్తున్నాయి నీళ్లు. పక్కవాడు గుడ్డతో తుడుస్తున్నాడు. గొట్టం పక్కన పడేసి, ఆ మనిషి పళ్లెంలో పసుపు కలిపి మూడు వేళ్లు ముంచి, బానెట్ లోపలి రేకు మీద అడ్డంగా దిద్దాడు. మధ్యలో కుంకుమ పెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

సీతారావమ్మ కారు దిగింది. మొదట నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. అయినా ఆ మనిషి బొట్టు పెట్టి వెనక్కి జరిగి చూసుకున్న తీరు ఆమెకు నచ్చింది. తను కూడా అలాగే చూసుకుంటుంది. నీళ్లు పారి తడిసి ఉన్న నేల మీద చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దగ్గరికి వెళ్లింది.

"కుంకుమ జారుతోంది బాబూ. పసుపు కాస్త ఆరనియ్యాలి," అంది.

అతను తిరిగి చూశాడు. నుదుటి మీద నీళ్లు, మీసం మీద పసుపు. పేరు సంపత్, వర్క్‌షాపు మేనేజరు. ఇల్లెందు మనిషి. ఆమె ఎవరో తెలియకపోయినా పెద్దామె అని పళ్లెం ఆమె చేతికిచ్చి, మీ చేత్తో పెట్టండమ్మా అన్నాడు. ఇల్లెందులో తన తండ్రి బొగ్గు బాయిలో పనిచేసేవాడని, దసరా వస్తే బాయి మీద మిషన్లన్నీ కడిగి, యాటను కోసి పండగ చేసేవాళ్లని, తాను ఏ షోరూమ్‌లో ఉన్నా ఈ ఒక్కరోజు మాత్రం గొట్టం ఇంకొకరికి ఇవ్వనని చెప్పుకొచ్చాడు. సీతారావమ్మ వింటూ, కుంకుమను వేలి చివరతో గట్టిగా అద్దింది. అది జారలేదు.

"ఈ బండికి వారంటీ ఉందా?" అని అడిగింది పళ్లెం తిరిగి ఇస్తూ.

"ఉంటది కదమ్మా. మొన్ననే వచ్చిన బండి."

"అయితే పోయింది."

"ఏంది పోయింది?"

"వారంటీ. ఇంజిన్ మీద నీళ్లు పోస్తే పోతుందట. నేను చెప్పింది కాదు, మీ సాయికిరణ్ చెప్పిండు."

ఆమె గొంతు పెంచలేదు. అయినా తుడిచేవాడి చేతిలో గుడ్డ ఆగింది. రెంచీల బల్ల దగ్గర అగరొత్తులు గుచ్చుతున్న సాయికిరణ్ తల ఎత్తాడు. అతని కాళ్లు కూడా తడిసే ఉన్నాయి. ప్యాంటు అంచు మీద పసుపు మరక ఉంది. సంపత్ అతని వైపూ, ఆమె వైపూ చూసి సంగతేమిటో అడిగాడు. ఆమె ఎర్ర కారు దగ్గరికి తీసుకెళ్లి బానెట్ ఎత్తి చూపించింది. నిరుటి పసుపు, దాని పక్కన చర్ల సంతలో రామక్క పెట్టిన బంతిపువ్వు. సంపత్ ఆ చారల్ని చూసి సాయికిరణ్ వైపు తిరిగాడు.

"వైర్ల మూతలు తీసి చూసినవా సాయీ?"

సాయికిరణ్ చేతిలో అగరొత్తులతోనే వచ్చాడు. "లేదు సార్. పసుపు కనబడ్డది. అమ్మ కూడా పోసిన అని చెప్పింది."

"పసుపు చూసి రాసినవన్నట్టు. పొద్దుగాల్నుంచి నువ్వెన్ని బండ్లకు పెట్టినవ్?"

సంపత్ చేతులు తుడుచుకుని, టార్చి తెప్పించి తనే వంగాడు. ఒక్కొక్క మూతా లాగి, లోపల వెలుతురు వేసి చూశాడు. చిన్న పెట్టెలాంటి పరికరం తగిలించి, స్టార్ట్ చేయమని ఆమెతో అన్నాడు. ఆమె తన సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజిన్ ఎప్పటిలాగే ఒక్క పిలుపుకు పలికింది. పని మానేసి చుట్టూ చేరిన మెకానిక్‌లు కూడా ఆ చప్పుడు వింటున్నారు. సీతారావమ్మ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. కంగారుగా లేదా అంటే ఉంది. ఆ కంగారు ముఖంలోకి రానివ్వకుండా కూర్చుంది.

"అన్ని పొడిగున్నయి," అన్నాడు సంపత్ నడుము ఎత్తి. "ఒక్క దోషం చూపిస్తలేదు. గుంతల రోడ్ల మీద తిరిగిన బండి లెక్క కూడ లేదమ్మా ఇది. ఎవరు నడుపుతరు?"

"నేనే."

అతను తలూపాడు. తర్వాత కాస్త ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "ఒక్క మాట చెప్పాలమ్మా. ఇంజిన్ మీద నీళ్లు పొయ్యొద్దన్నది మాత్రం నిజమే. మీరు పోసుడు తప్పే, నేను పోసుడు తప్పే. చెప్పాల్సినోన్ని నేనే పోస్తున్న, ఇంక మీకేం చెప్త?"

సీతారావమ్మకు అతని మీద గౌరవం కలిగింది. తప్పు తన దగ్గరా కొంత ఉందని మొదటిసారి అనిపించింది. అది ఒప్పుకోవడానికి ఆమెకు కష్టం కాలేదు, ఎందుకంటే ఈసారి ఎదుటివాడు తనతో సమానంగా నిలబడి చెప్పాడు.

"వచ్చే ఏడు నుంచి తడిగుడ్డతో తుడుస్తా. పసుపు మాత్రం మానను," అంది.

"మానితే ఎట్లమ్మా?" అన్నాడు సంపత్, అదేదో అనరాని మాటైనట్టు.

వారంటీ పని అక్కడే, రెంచీల బల్ల పక్కనే అయిపోయింది. సాయికిరణ్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. మొన్నటి నవ్వు లేదు. ఆమె ముందు నిలబడి, ఫోన్ నంబరు అదే ఉంచమంటారా అని అడగబోయి, మధ్యలో ఆగి, "మీ నంబర్ చెప్పండమ్మా," అన్నాడు. ఆమె ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పింది. చెప్పాక చదివి వినిపించమంది. అతను చదివాడు. కాసేపటికి ఆమె చేతి సంచీలో ఫోన్ మోగింది. మూడేళ్లలో మొదటిసారి ఆమె కారు గురించిన కబురు నేరుగా ఆమెకే వచ్చింది.

జయప్రకాశ్ స్వీటు పెట్టెతో దిగేసరికి తల్లి మెకానిక్‌ల మధ్య నిలబడి జీపు అద్దానికి బంతిపూల దండ కడుతోంది. కొత్త కారు ముందు గదిలో రిబ్బను కట్టి సిద్ధంగా ఉంది. వాడు ముందు సాయికిరణ్ వైపు చూశాడు, అతను సంపత్ వైపు చూశాడు, సంపత్ సీతారావమ్మ వైపు చూశాడు. చెప్పాల్సింది ఆవిడేనని అందరికీ అర్థమైంది.

"వారంటీ ఇచ్చిండ్రు," అందామె దండ ముడి బిగిస్తూ.

జయప్రకాశ్ ఏదో అనబోయాడు. రిబ్బను కట్టిన కారు, దాని రంగు, ఆఫర్ అన్నీ వాడి నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. మాటంటే మాటే కాబట్టి చివరికి, సరేలే అమ్మా, మంచిదే అన్నాడు. నిజంగానే మంచిదనుకున్నాడో లేదో వాడికే తెలియాలి.

సీతారావమ్మ చేతులు దులుపుకుని కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంకో సంగతి ప్రకాశ్. ఇయ్యకపోతే నిజంగానే తాళం ఇద్దామని వచ్చాను. మాట అన్నాను కదా. కానీ నా బండి నేను ఉంచుకోవడానికి నీతో పందెం కట్టడమే నా తెలివితక్కువ. నువ్వు నా కోసం భయపడు, వద్దనను. బండి మాత్రం ఇంక అడగొద్దు."

అందరి ముందూ అన్నది కాబట్టి వాడి ముఖం ఎర్రబడింది. అయితే ఆమె గొంతులో కోపం లేదు. వాడి చేతిలోని స్వీటు పెట్టె తీసుకుని, మూత విప్పి, మొదట వాడికే ఒకటి తినిపించింది. చిన్నప్పుడు తిట్టాక కూడా ఇలాగే చేసేది. వాడు నమిలి మింగేదాకా ఏమీ అనలేకపోయాడు.

గుమ్మడికాయ కొట్టారు. ఇంక నిమ్మకాయలు తొక్కించాలి. ఏటా ముందు జీపును నడిపించడం అక్కడి ఆనవాయితీ. ఆ సంవత్సరం సంపత్ ఒక నిమిషం ఆలోచించి, నిమ్మకాయల్ని జీపు కింది నుంచి తీసుకొచ్చి ఎర్ర కారు నాలుగు చక్రాల ముందూ పెట్టించాడు. "అమ్మ బండి ముందు పోనియ్యుండ్రి," అన్నాడు. సాయికిరణ్ వంగి, ముందు చక్రం కింద ఒరిగిన కాయను సరిగ్గా నిలబెట్టాడు.

జయప్రకాశ్ అలవాటు చొప్పున డ్రైవర్ వైపు తలుపు దగ్గరికి నడిచి, తాళం కోసం చెయ్యి చాపాడు. సీతారావమ్మ ఆ చేతి వైపు చూసింది, వాడి ముఖం వైపు చూసింది. వాడి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్లి, అటువైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు.

ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది. అద్దం సరిచేసుకుంది. మెకానిక్‌లు రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు. గేటు అవతల బైపాస్ రోడ్డు ఎండలో మెరుస్తోంది. ఆమె తాళం తిప్పి, గేరు వేసి, క్లచ్ మీద కాలు ఉంచుకునే కొడుకు వైపు తిరిగింది.

"బెల్టు పెట్టుకో," అంది.